వేడెక్కిన బ్రేకు ఏల పట్టదు?

ఒక కారు గొప్పదని చెప్పదలచినవారు సాధారణముగా దాని ఇంజను బలమును గూర్చియే చెప్పుదురు. అది ఎన్ని సెకండ్లలో 100 కిలోమీటర్ల వేగము అందుకొనునో, దాని గరిష్ఠ వేగ మెంతయో లెక్కించి మురియుదురు. కాని వేగముగా పోవు బండిలో ఇంజనును మించిన సామర్థ్యముతో పనిచేయు భాగము మరియొకటి కలదు. అది బ్రేకు. ఇంజను ఇరువది సెకండ్లు శ్రమించి కూడబెట్టిన గతిజశక్తిని బ్రేకు మూడు నాలుగు సెకండ్లలో ఖర్చు చేయవలెను. శక్తికి నాశనము లేదు గదా! ఆ శక్తి అంతయు ఉష్ణముగా మారును. ఆ ఉష్ణమును ఎక్కడ దాచవలెను, ఎట్లు బయటికి పంపవలెను అనునదియే బ్రేకు శాస్త్రములోని ముఖ్య సమస్య.

ఊరి వీధులలో తిరుగు కారునకు ఈ సమస్య అంతగా తెలియదు. అది బయటపడుటకు తగిన స్థలము రేసు ట్రాకు.

ట్రాక్ డే అనగానేమి?

ఇంగ్లండులోని సిల్వర్‌స్టన్, జర్మనీలోని నూర్బర్గ్‌రింగ్ కారు పందెములకు పేరుపొందిన ట్రాకులు. 1927లో తెరచిన నూర్బర్గ్‌రింగ్ యొక్క ఉత్తర వలయము నేడు సుమారు 20.8 కిలోమీటర్ల పొడవున కొండల నడుమ మెలికలు తిరుగును. మన దేశములో చెన్నై సమీపమున ఇరుంగాట్టుకోట్టై వద్ద ఒక ట్రాకును, ఢిల్లీ సమీపమున గ్రేటర్ నోయిడాలో 2011లో ప్రారంభమైన బుద్ధ్ అంతర్జాతీయ సర్క్యూట్టును కలవు. పందెములు లేని కొన్ని దినములలో రుసుము చెల్లించినవారు తమ సొంత కార్లను ఇట్టి బాటలపై నడుపుకొనుటకు అవకాశ మిత్తురు. దీనినే ట్రాక్ డే అందురు. ఇందులో గెలుపు ఓటములు లేవు, బహుమతులు లేవు. నడుపువాడు తన నేర్పును, కారు పనితనమును తెలిసికొనుటయే ప్రయోజనము.

అట్టి దినమున తరచుగా జరుగు సంగతి ఒకటి కలదు. మొదటి రెండు చుట్లలో కారు చక్కగా ఆగును. మూడవ చుట్టులో కొంచెము అనుమానము కలుగును. నాలుగవ చుట్టులో, తిన్నని బాట చివర మలుపు ముందు పెడల్ తొక్కగా కారు అనుకొన్నచోట నెమ్మదింపదు. ట్రాకు ప్రక్కన ఇసుకయో, కంకరయో పరచియున్నచో అందులో దిగి ఆగును. లేనిచో ప్రమాదమే.

ఇట్లు అనుభవమైనవారందరు చెప్పు ఫిర్యాదు ఒక్కటే: “బ్రేకు పట్టుట లేదు.” కాని ఈ ఒక్క ఫిర్యాదు వెనుక అరడజను వేర్వేరు కారణము లుండవచ్చును. ఒకదానికి చేయవలసిన చికిత్స మరియొకదానికి పనికిరాదు. తలనొప్పికి కారణము తెలియక కండ్లజోడు మార్చినవాని వలె, కారణము తెలియక ఖరీదైన డిస్కులు కొనువారు చాలమంది. డబ్బు పోయిన పోవును. దోషము లోపలనే మిగిలియుండుట అసలు అపాయము. సాయంకాలమున అదే కారు భార్యాబిడ్డలతో సామాన్యమైన రోడ్డు మీద ఇంటికి తిరిగి రావలసియున్నది గదా!

ఒక్క తొక్కుడులో ఎంత వేడి?

మొదట ఒక చిన్న లెక్క చేసి చూడవచ్చును. 2012లో అమ్మకమునకు వచ్చిన టొయోటా 86 అను స్పోర్ట్స్ కారును ఉదాహరణగా తీసికొందము. దాని ఇంజను సామర్థ్యము సుమారు 200 అశ్వసామర్థ్యములు. నడుపువానితో కలిపి బరువు 1300 కిలోగ్రాము లనుకొందము. అది గంటకు 200 కిలోమీటర్ల వేగము నుండి 80 కిలోమీటర్లకు తగ్గవలెను. అనగా సెకండునకు 55.6 మీటర్ల నుండి 22.2 మీటర్లకు.

గతిజశక్తి ద్రవ్యరాశిలో సగమును వేగవర్గముచేత గుణించిన వచ్చునని విద్యార్థు లెరుగుదురు. ఆ ప్రకారము రెండు వేగముల వద్ద గల శక్తుల భేదము దాదాపు 1685 కిలోజౌళ్ళు. ఈ ఉష్ణముతో 20 డిగ్రీల వద్ద నున్న 5 లీటర్ల నీటిని మరుగు స్థానమునకు తేవచ్చును. మంచి టైర్లు గల కారు సెకండునకు 9 మీటర్ల చొప్పున వేగమును తగ్గించుకొనగలదు. కావున ఈ కార్యమంతయు 3.7 సెకండ్లలో ముగియును. భాగించి చూచినచో సామర్థ్యము సుమారు 455 కిలోవాట్లు, అనగా 600 అశ్వసామర్థ్యములకు పైమాట. ఇంజను సామర్థ్యమునకు ఇది మూడు రెట్లు.

ఇదే కారు ఊరిలో గంటకు 50 కిలోమీటర్ల వేగమున పోవుచు పూర్తిగా ఆగినచో పుట్టు వేడి 125 కిలోజౌళ్ళు మాత్రమే. వేగము నాలుగు రెట్లయినచో శక్తి పదునారు రెట్లగును. ఊరిలో చక్కగా పట్టు బ్రేకు ట్రాకుపై తప్పుటలో వింత లేదు.

ఈ వేడి ఎక్కడ చేరునో చూడవలెను. గాలి నిరోధము, ఇంజను నిరోధము కలిసి పదింట ఒక వంతు తీసికొను ననుకొందము. మిగిలినదానిలో దాదాపు 70 శాతము ముందు చక్రముల బ్రేకులకు చేరును. ఏలయనగా బ్రేకు వేయగనే కారు బరువు ముందునకు ఒరిగి, ముందు టైర్లకే నేల పట్టు ఎక్కువగును. ఇట్లు ఒక్కొక్క ముందు డిస్కు వంతు సుమారు 530 కిలోజౌళ్ళు. డిస్కు 7 కిలోగ్రాముల పోత ఇనుము అనుకొన్నచో, ఒక కిలోగ్రాము పోత ఇనుము ఒక డిగ్రీ వేడెక్కుటకు దాదాపు అర కిలోజౌలు కావలెను గనుక, ఒక్క తొక్కుడుతో దాని ఉష్ణోగ్రత 150 డిగ్రీలు పెరుగును! చుట్టునకు ఇట్టి గట్టి తొక్కుడులు అయిదారు వచ్చునని మరువరాదు.

వేడి బయటికి పోవు దారులు

డిస్కు వేడెక్కుచునే చల్లబడుచుండును. ప్రతి చుట్టులో చేరు వేడి, పోవు వేడి సమానమగువరకు దాని సగటు ఉష్ణోగ్రత పెరుగుచునే యుండును. బ్రేకు మొదటి చుట్టులో కాక మూడవ నాలుగవ చుట్టులో తప్పుటకు కారణ మిదియే. ఆ సమతాస్థితి ప్యాడ్లు, ద్రవము సహింపగల హద్దునకు లోపల ఏర్పడినచో బ్రేకు రోజంతయు పనిచేయును. హద్దు దాటిన తరువాత ఏర్పడవలసియున్నచో అంతకు ముందే తప్పును.

వేడి మూడు విధముల పోవునని పాఠ్యపుస్తకములలో కలదు. బ్రేకు ఆ మూడింటికి చక్కని ఉదాహరణము. డిస్కు నుండి ప్యాడు ద్వారా, కాలిపరు ద్వారా వహనము జరుగును. చుట్టు వీచు గాలి వలన సంవహనము జరుగును. ఎర్రగా కాలిన డిస్కు వికిరణము చేయును. వికిరణము పరమ ఉష్ణోగ్రత యొక్క నాలుగవ ఘాతము ననుసరించి పెరుగును గనుక 300 డిగ్రీల వద్ద కంటె 600 డిగ్రీల వద్ద అయిదు రెట్లకు పైగా ఉండును. ఘన పదార్థములు సుమారు 525 డిగ్రీల వద్ద చీకటిలో మసక ఎరుపుగా కానవచ్చుట మొదలిడును. రాత్రి పందెములలో చక్రముల నడుమ కనిపించు ఎర్రని వలయములు ఇట్టివే.

ముందు డిస్కులు ఒకే పలక కాక, నడుమ రెక్కలుంచి అతికినట్లుండు రెండు పలకలుగా పోత పోయుదురు. తిరుగునప్పుడు ఈ రెక్కలు పంకా వలె పనిచేసి, కేంద్రము వద్ద గాలిని పీల్చి అంచున వెలికి చిమ్మును. కావున చల్లని గాలిని గొట్టముతో తెచ్చువారు దానిని డిస్కు ముఖముపై కాక కేంద్రము వద్ద వదలవలెను. ఒక ముఖమునకే గాలి తగిలినచో రెండు పలకలు అసమానముగా వేడెక్కి వంగును. వంపు రెక్కలు గల డిస్కులలో ఎడమది, కుడిది వేరు. వానిని తారుమారుగా బిగించినచో గాలి ప్రవాహము తగ్గును.

డిస్కు బ్రేకు ప్రాశస్త్యము లోకమునకు తెలిసినదియు రేసు బాటపైననే. 1953లో ఫ్రాన్సులోని ల మాన్ 24 గంటల పందెములో జాగ్వార్ సంస్థవారి సి-టైప్ కారు డన్‌లప్ డిస్కు బ్రేకులతో గెలిచెను. అంతకు ముందు వాడుకలో నున్న డ్రమ్ము బ్రేకులో వేడి లోపలనే చిక్కుకొనును. పైగా వేడికి డ్రమ్ము వ్యాకోచించి, లోపలి నుండి ఒత్తు షూలకు దూరముగా జరుగును. డిస్కు అట్లు కాదు. అది ఇరుప్రక్కల గాలికి తెరచియుండును. వ్యాకోచించినను ప్యాడ్ల వైపునకే దళసరియగును.

పెడల్ చెప్పు సాక్ష్యము

ఇక దోష నిర్ణయము. వైద్యుడు నాడి చూచినట్లు, ఇచ్చట మొదట చూడవలసినది పెడల్. రెండే ప్రశ్నలు వేసికొనవలెను. బ్రేకు తప్పినపుడు పెడల్ గట్టిగా నున్నదా, మెత్తగా నున్నదా? ఆ దోషము వేడెక్కిన పిదపనే కలిగినదా, చల్లగా నున్నప్పుడును కలదా? ఈ రెండు జవాబులతో కారణములలో సగము తొలగిపోవును.

పెడల్ ఎప్పటివలె గట్టిగా నుండి, ఎంత బలముగా తొక్కినను కారు నెమ్మదింపకున్నచో, పాదము నుండి ప్యాడు వరకు బలము చక్కగా చేరుచున్నదన్న మాట. లోపము ప్యాడునకు డిస్కునకు నడుమగల ఘర్షణలో కలదు. పెడల్ మెత్తబడి నేలవరకు దిగుచున్నచో, బలము ప్యాడును చేరుటయే లేదు. లోపము ద్రవములో కలదు. ఈ భేదమును గుర్తించుట దోష నిర్ణయములో సగము పని.

గట్టి పెడల్, ఆగని కారు

ప్యాడు అనునది ఉక్కు పలకపై అతికించిన మిశ్రమ పదార్థము. నారలు, లోహపు పొడులు, గ్రాఫైటు మొదలైనవానిని రెసిను బంధకముతో కలిపి అచ్చు వేయుదురు. సామాన్యపు ప్యాడునకు డిస్కునకు నడుమ ఘర్షణ గుణకము సుమారు 0.35 నుండి 0.45 వరకు ఉండును. మూడు నాలుగు వందల డిగ్రీలు దాటిన పిదప బంధకము విచ్ఛిన్నమగుట మొదలిడి, వాయువులు వెలువడును, ఘర్షణ గుణకము పడిపోవును. గుణకము సగమైనచో అదే తొక్కుడునకు ఆపు బలమును సగమే. ముక్కునకు ఘాటైన కాలిన వాసన తగులును. విప్పి చూచినచో ప్యాడు ముఖము గాజువలె నిగనిగలాడుచుండును. లేదా అంచులు బూడిద రంగు తిరిగి పొడియగుచుండును.

కొత్త ప్యాడులలో ఇది మరింత తొందరగా కలుగును. వానిలో మిగిలిన బాష్పశీల పదార్థములు మొదటిసారి గట్టిగా వేడెక్కగనే వెలువడును. అందుచేత కొత్త ప్యాడ్లను ట్రాకునకు ముందే పదును పెట్టవలెను. నిర్జనమైన చోట, కారును పూర్తిగా ఆపకుండ, క్రమముగా పెంచుచు పలుమారులు బ్రేకు వేసి, పిదప తొక్కకుండ కొంతదూరము నడిపి చల్లార్చవలెను. ఇట్లు చేయుటచేత ప్యాడు పదార్థము డిస్కుపై పలుచని పొరగా సమముగా అంటుకొనును. తరువాతి పట్టు చాలవరకు ఆ పొర మీదనే ఆధారపడును.

దీనికి చికిత్స ఎక్కువ వేడిని సహించు ప్యాడ్లు. అయితే రేసు ప్యాడ్లు చాలవరకు చల్లగా నున్నప్పుడు సరిగా పట్టవు, కీచుమనును, డిస్కును తొందరగా అరగదీయును. ఉదయము ఇంటి ముందు వీధిలో అడ్డము వచ్చిన పిల్లవానికొరకు ఆపవలసిన కారునకు అవి తగవు. ట్రాకునకు ఒక జత, రోడ్డునకు ఒక జత ఉంచుకొనువారు కలరు.

గట్టి పెడల్‌కు మరి రెండు కారణములు కలవు. పాద బలమును పెంచు శూన్యపు సర్వో పాడైనచో పెడల్ రాయివలె నుండును. దీని పరీక్ష సులభము. ఇంజను ఆపి పెడల్‌ను నాలుగైదు మారులు తొక్కి, అట్లే ఒత్తిపట్టి ఇంజను నడిపింపవలెను. పెడల్ కొంచెము క్రిందికి దిగినచో సర్వో బాగున్నదని అర్థము. రెండవది ఎ.బి.ఎస్. అను చక్రములు బిగిసిపోకుండ కాచు ఏర్పాటునకు సంబంధించినది. ఎగుడుదిగుడు బాటపై పెడల్‌ను ఒక్కసారిగా తన్నినచో కొన్ని కార్లలో ఆ యంత్రము నేల జారుడుగా నున్నదని పొరపడి, బ్రేకు పీడనమును తగ్గించివేయును. ఇందులో చెడిపోయిన భాగమేదియు లేదు. పాదమును తన్నక, వేగముగానే అయినను క్రమముగా ఒత్తుట అలవరచుకొనవలెను.

మెత్తని పెడల్: ద్రవము మరుగుట

పెడల్‌ను తొక్కగా మాస్టర్ సిలిండరులోని పిస్టను ద్రవమును నెట్టును. పాస్కల్ నియమము ప్రకారము ఆ పీడనము అన్ని కాలిపరులకును సమముగా వ్యాపించి, అచ్చటి పిస్టనులు ప్యాడ్లను డిస్కుపై పట్టకారు వలె నొక్కును. ద్రవము సంపీడనమునకు లొంగదు గనుకనే ఇది సాధ్యము. తరగతిలో దీనిని చూపుట సులభము. సూది లేని రెండు సిరంజిలను సన్నని గొట్టముతో కలిపి నీరు నింపి ఒకదానిని నొక్కినచో రెండవది వెంటనే కదలును. నీటిలో ఒక గాలి బుడగను వదలి మరల నొక్కినచో మొదటి కదలిక బుడగను కుదించుటకే సరిపోవును. మెత్తని పెడల్ రహస్యమంతయు ఆ బుడగలోనే కలదు.

మెకానిక్కులు “బ్రేక్ ఆయిల్” అని పిలుచు ద్రవము నిజమునకు నూనె కాదు. అది చాలవరకు గ్లైకాల్ ఈథర్ జాతి పదార్థము. దానికి గాలిలోని తేమను పీల్చుకొను గుణము కలదు. ఈ గుణము వలన నీరు ఒకచోట ముద్దగా నిలువక అంతటను కరగియుండును. అది కొంత మేలే. కాని నీరు చేరుకొలది మరుగు స్థానము తగ్గును. డాట్ 4 అను తరగతి ద్రవము కొత్తగా నున్నప్పుడు కనీసము 230 డిగ్రీల వరకు మరుగరాదని ప్రమాణము. తేమ పీల్చిన పిదప ఈ కనీసము 155 డిగ్రీలకు దిగును. డాట్ 3 తరగతికి ఈ అంకెలు 205, 140. డాట్ 5.1 తరగతికి 260, 180. రేసుల కొరకు చేసిన ద్రవములలో కొన్ని కొత్తగా నున్నప్పుడు 300 డిగ్రీలు దాటినను మరుగవు. సీసా ఎంత ఖరీదైనదైనను, రెండు మూడేండ్లు కారులో నున్న ద్రవము పాత ద్రవమే.

మరిగినచో ఏమగును? ఒక గ్రాము నీరు సాధారణ వాయు పీడనమున ఆవిరియైనచో దాదాపు 1.7 లీటర్ల స్థలము ఆక్రమించును. అనగా గ్రాములో ఇరువదవ వంతు బరువుగల ఒక్క బొట్టు 80 మిల్లీలీటర్లకు పైగా ఆవిరియగును. 22 మిల్లీమీటర్ల వ్యాసము గల మాస్టర్ సిలిండరు 30 మిల్లీమీటర్లు కదలి నెట్టు ద్రవమో, 11 మిల్లీలీటర్లు మాత్రమే! తొక్కినపుడు పీడనమువలన ఆవిరి కుంచించుకొనును గాని, పెడల్ కదలికలో చాల భాగము ఆ పనికే వ్యర్థమగును.

ఇచ్చట గమనింపదగిన విశేష మొకటి కలదు. ప్రెషర్ కుక్కరులో నీరు 100 డిగ్రీలు దాటియు మరుగకుండుట అందరెరిగినదే. అట్లే పెడల్ తొక్కియున్నంతసేపు ద్రవముపై అధిక పీడన ముండుటచేత అది మరుగదు. పాదము తీయగనే పీడనము పడిపోయి, అప్పటికే కాగియున్న ద్రవము ఆవిరియగును. కనుక ఒక మలుపు వద్ద చక్కగా ఆగిన కారే తరువాతి మలుపు వద్ద మోసము చేయవచ్చును. నడుపువానికి ముందుగా ఏ హెచ్చరికయు నుండదు. ప్యాడు తప్పునప్పుడు పట్టు క్రమక్రమముగా తగ్గును. ద్రవము మరిగినపుడు ఒక్కసారిగా పోవును. రెండింటిలో ఇదియే ఎక్కువ ప్రమాదకరము. అట్టి సమయమున పెడల్‌ను వేగముగా మరల మరల తొక్కుచు, గేరు తగ్గించుచు, ఖాళీ స్థలము వైపు కారును నడుపుట తప్ప వేరు దారి లేదు.

అరిగిన ప్యాడు ద్రవమునకు శత్రువు. డిస్కు వేడి ప్యాడు గుండానే పిస్టనునకు, పిస్టను గుండా ద్రవమునకు చేరును. దళసరి ప్యాడు ఆ దారిలో అడ్డుగోడ వంటిది. రోడ్డుపై ఇంకను కొన్ని వేల కిలోమీటర్లు వచ్చు సగమరిగిన ప్యాడు ట్రాకునకు తగదనుట ఇందుచేతనే.

చల్లగా నున్నప్పుడే మెత్తనైనచో

బయలుదేరకముందే పెడల్ మెత్తగా నున్నచో దానికి వేడి కారణము కానేరదు. గొట్టములలో గాలి చేరియుండవచ్చును. దానిని బ్లీడింగు చేసి తీయవలెను. పాత రబ్బరు గొట్టములు పీడనమునకు ఉబ్బుచుండవచ్చును. పెడల్‌ను ఒకే బలముతో ఒత్తిపట్టగా అది నెమ్మదిగా క్రిందికి జారుచున్నచో, మొదట గొట్టములు, కాలిపరుల వద్ద ద్రవము కారుచున్నదేమో చూడవలెను. ఎక్కడను తడి లేనిచో మాస్టర్ సిలిండరు లోపలి రబ్బరు ముద్రల వద్ద ద్రవము వెనుకకు కారుచున్నదని గ్రహింపవలెను. అట్టి కారును ట్రాకునకు కాదు, రోడ్డునకును తీయరాదు.

మరియొక చిత్రమైన దోషము కలదు. వేగముగా మలుపు తిరిగిన పిదప, లేదా అంచు దిమ్మెలపై ఎక్కి దిగిన పిదప మొదటి తొక్కుడు లోతునకు పోవును. రెండవ తొక్కుడునకు పెడల్ పూర్తిగా గట్టిపడును. చక్రపు బేరింగు సడలియుండుట వలననో, మలుపు బలమునకు అచ్చటి భాగములు కొంచెము వంగుట వలననో డిస్కు ప్రక్కకు ఊగి ప్యాడ్లను వెనుకకు నెట్టివేయును. ఇందు ద్రవము మరుగుట లేదు. ద్రవము మార్చినను లాభము లేదు. బేరింగును పరీక్షింపవలెను.

వణుకు, ప్రక్కకు లాగుట

బ్రేకు వేయగా స్టీరింగు వణకుచున్నచో “డిస్కు వంగినది” అని చెప్పుట పరిపాటి. తరచుగా అది నిజము కాదు. కాగిన డిస్కును ప్యాడ్ల నడుమ బిగించి నిలిపినచో ప్యాడు పదార్థము అచ్చట మచ్చగా అంటుకొనును. మచ్చ వద్ద ఘర్షణ వేరు, దళసరి వేరు. ప్రతి భ్రమణములో ఆ చోటు రాగానే ఒక కుదుపు కలుగును. మచ్చ వద్ద వేడి మరింత పెరిగినచో పోత ఇనుము నిర్మాణమే మారి గట్టిపడును. అప్పుడు పై పొరను గీకినను కుదుపు పోదు. డిస్కుపై సన్నని వేడి పగుళ్ళు సామాన్యము. కాని పగులు అంచునకు చేరినచో ఆ డిస్కును వెంటనే మార్చవలెను.

కారు ఒక ప్రక్కకు లాగుచున్నచో రెండు వైపుల పట్టు సమముగా లేదన్న మాట. జారుడు కాలిపరు మేకులు మట్టి పట్టి బిగిసినచో ఒక ప్యాడు మాత్రమే పనిచేసి త్వరగా అరుగును. లోపలి ప్యాడును వెలుపలి ప్యాడును పోల్చి చూచుట ఇందుకు చక్కని పరీక్ష. నేటి కార్లలో వెనుక ప్యాడ్లు ముందువానికన్న త్వరగా అరిగినచో స్థిరత్వ నియంత్రణ యంత్రమును అనుమానింపవచ్చును. కారు జారకుండ అది నడుపువానికి తెలియకనే వెనుక బ్రేకులను పలుమారులు వేయుచుండును.

పెద్ద డిస్కు వేసిన చాలునా?

దోషము తెలియనివారు మొదట చేయు పని పెద్ద డిస్కులు కొనుట. కాని కారును చివరకు ఆపునది టైరునకు నేలకు నడుమగల ఘర్షణ. ఉన్న బ్రేకుతోనే చక్రములు బిగిసిపోవు స్థితికి వచ్చుచున్నచో, ఇంకను పెద్ద బ్రేకు వేసినందువలన ఒక్క తొక్కుడులో ఆగు దూరము తగ్గదు. పెద్ద డిస్కు చేయు మేలు వేరు. దానికి ఉష్ణధారణ శక్తి ఎక్కువ. అంతే వేడికి దాని ఉష్ణోగ్రత తక్కువ పెరుగును. కొత్త ద్రవము, తగిన ప్యాడ్లు, మంచి గాలి ప్రవాహము సమకూర్చిన పిదపను వేడి హద్దు మీరుచున్నప్పుడు మాత్రమే దాని అవసరము. హద్దు మీరినదో లేదో ఊహింప నక్కరలేదు. నిర్ణీతమైన ఉష్ణోగ్రతల వద్ద రంగు మారు పూతలను డిస్కు అంచున పూసి, తిరిగి వచ్చిన పిదప చూచిన తెలియును.

ఒకేసారి నాలుగు భాగములు మార్చినచో ఏది రోగమో, ఏది మందో తెలియదు. ప్రయోగశాలలో వలెనే ఒక్కటొక్కటిగా మార్చి ఫలితమును చూడవలెను.

ట్రాకు దినమున పాటింపవలసినవి

బయలుదేరుటకు ముందు ద్రవమును మార్చి, ప్యాడ్ల దళసరిని కొలచి, డిస్కులపై పగుళ్ళు చూచి, గొట్టములను తడిమి చూడవలెను. పెడల్ ఎంత లోతునకు దిగుచున్నదో చల్లగా నున్నప్పుడే గుర్తుంచుకొనవలెను. ట్రాకుపై ఆ లోతు పెరిగినచో వెంటనే వేగము తగ్గింపవలెను. చివరి చుట్టును బ్రేకు వాడకుండ మెల్లగా నడపవలెను. కాగిన కారును ఒక్కసారిగా ఆపినచో గాలి ప్రవాహము నిలిచి, డిస్కులోని వేడి తీరికగా ద్రవమునకు చేరును. బాటపై మరుగని ద్రవము నిలిపియుంచిన చోట మరుగుట ఇందువలననే. ఆపిన పిదప చేతి బ్రేకు వేయక, గేరులో ఉంచి చక్రమునకు అడ్డుకట్ట పెట్టవలెను. ఒకసారి ద్రవము మరిగిన కారునకు, పెడల్ చల్లబడి మామూలుగా నున్నట్లు తోచినను, ద్రవము మార్చి గాలి తీసిన తరువాతనే ఇంటి దారి పట్టవలెను.

ఈ సంగతులు స్పోర్ట్స్ కార్ల యజమానులకు మాత్రమే పరిమితములు కావు. తిరుమల కొండ దిగు బస్సునకును, ఏజెన్సీ కనుమలలో దిగు లారీకిని ఇదే భౌతిక శాస్త్రము వర్తించును. అచ్చట గతిజశక్తికి బదులు స్థితిజశక్తి ఎడతెగక వేడిగా మారుచుండును. కనుకనే ఘాట్ రోడ్డుపై తక్కువ గేరులో దిగవలెనని, బ్రేకుపై పాదము నెడతెగక ఉంచరాదని చెప్పుదురు. అట్లు దిగునప్పుడు శక్తిలో కొంత భాగము ఇంజనుకు పోయి, బ్రేకునకు ఊపిరి తీసికొను వ్యవధి దొరకును.

వాలు దారిన సైకిలు దిగి వచ్చిన విద్యార్థి చక్రపు అంచును, బ్రేకు రబ్బరు ఒత్తినచోట, జాగ్రత్తగా వ్రేలితో తాకి చూచిన అది గోరువెచ్చగా నుండుట తెలియును. ఆ గోరువెచ్చదనమునకు, రాత్రి పందెములో ఎర్రగా మెరయు డిస్కునకు పరిమాణములోనే భేదము. బండి ఎంత వేగముగా పోవలెనని తలచువాడు ముందుగా ఆ వేగమంతయు ఎంత వేడిగా మారునో, ఆ వేడి ఎక్కడికి పోవునో లెక్క వేసికొనవలెను.